మరణానంతరం, స్వయంగా

దేశపు అత్యున్నత పౌర పురస్కారాన్ని ఈ ఏడాది ఒక గొంతుకు ఇస్తున్నట్టు పురస్కారాల శాఖ మంత్రిగారు ప్రకటించారు. గొంతు అంటే పాడే గొంతు కాదనీ, అరిచే గొంతు అసలే కాదనీ, అవసరమైన చోట ఆగడం తెలిసిన గొంతు అనీ వివరించారు. తర్వాత కళ్లజోడు తీశారు. ఎందుకు తీశారో ఫొటోగ్రాఫర్లందరికీ అర్థమయ్యేదాకా ఆగి, "ఈ పురస్కారం మరణానంతరం" అన్నారు.

విలేకరులందరం లేచి నిలబడి మౌనం పాటించాం. నేను అప్పుడే బిస్కెట్టు నోట్లో పెట్టుకుని ఉన్నాను. నమిలితే మౌనభంగం అవుతుందేమోనని అలాగే ఉంచుకున్నాను. అది కరిగేలోపు నాకొక సందేహం వచ్చింది.

మంత్రిగారు చెప్పిన గొంతు మా మేడ మీద వాటాలో ఉంటుంది. ఆ ఉదయమే మెట్ల మీద నిలబడి, నీళ్ల మోటారు ఆపకుండా పడుకున్నందుకు నన్ను తిట్టింది.

"సార్," అన్నాను చెయ్యెత్తి, "ఆవిడ బతికే ఉన్నారండీ."

మంత్రిగారు నా వంక ఆప్యాయంగా చూశారు. "బాగా చెప్పావు తమ్ముడూ! అలాంటివాళ్లకి చావేమిటి? ఎప్పటికీ బతికే ఉంటారు."

చప్పట్లు మోగాయి.

"అది కాదండీ. మా పైనే ఉంటారు."

"పైనే ఉంటారు," అన్నారు మంత్రిగారు తలెత్తి కప్పు వైపు చూస్తూ. "పైనుంచి మనందర్నీ చూస్తూనే ఉంటారు."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. నా పక్కన కూర్చున్న పోటీ పత్రిక విలేకరి ఆ వాక్యాన్ని హెడ్డింగుగా రాసుకోవడం నేను కళ్లారా చూశాను. ఎంత మొండి వాస్తవాన్నైనా చప్పట్లుగా మార్చగల నేర్పు మంత్రిగారికి పుట్టుకతో వచ్చింది. అందుకే ఆయన మంత్రి, నేను విలేకరి.

ఆ గొంతు వార్తలక్కయ్యది. ఆ పేరు ఇప్పటి కుర్రకారుకు తెలియకపోవచ్చు. ఒకప్పుడు ఆవిడ రేడియోలో వార్తలు చదివేది. ఆవిడ "వార్తలు" అనగానే ఇళ్లలో పోట్లాటలు ఆగేవి. ఆ రోజుల్లో ఒకనాడు నూలు మిల్లు గేటు దగ్గర కూలి పెంచమన్నవాళ్ల మీద కాల్పులు జరిగాయి. మనుషులు పోయారు. సాయంత్రం వార్తల్లో చదవమని ఆవిడ చేతికి ఒక కాగితం ఇచ్చారు. అందులో, "మిల్లు గేటు వద్ద స్వల్ప ఉద్రిక్తత. ఎవరూ మరణించలేదు" అని ఉంది. ఆవిడ "మిల్లు గేటు వద్ద" అని ఆగిపోయింది. లేచి రాలేదు, కాగితం చింపలేదు, మైకు ఆపెయ్యలేదు. వార్తల వేళ ముగిసేదాకా అలాగే నోరు మూసుకుని కూర్చుంది. ఇళ్లలో జనం రేడియోలు పాడయ్యాయనుకుని వాటి నెత్తిన మొత్తారు. స్టూడియో బయట అధికారులు తలుపు మీద మొత్తారు. తెల్లారేసరికి ఆవిడకు ఉద్యోగం లేదు.

ఆ మౌనాన్ని అప్పటి ప్రతిపక్షం నెత్తికెత్తుకుంది. "అక్కయ్య ఎందుకు ఆగింది?" అని గోడ గోడకీ రాసింది. గోడలు నిండాక అధికారంలోకి వచ్చింది. రాగానే గోడలన్నిటికీ సున్నం కొట్టించింది. ఇప్పటి మన మంత్రిగారిది ఆ పార్టీయే.

నేను ఇంటికి వచ్చేసరికి అక్కయ్య మెట్ల పైన నిలబడి ఉంది. ఆవిడ చేతిలో తెల్లపూల చక్రం ఒకటి ఉంది, అది ఆవిడ కన్నా పెద్దది.

"విలేకరీ, ఇది ఎవరికి?"

"మీకేనండీ. అభినందనలు. మీకు అత్యున్నత పురస్కారం ఇచ్చారు."

"మరి కార్డు మీద 'ఆత్మకు శాంతి కలుగుగాక' అని ఉందేం?"

చెప్పాను. ఆవిడ పూలచక్రాన్ని గోడకు ఆనించి, "వాసన బాగుంది" అంది.

అంతలో మా ఎడిటర్‌గారి ఫోను. "నువ్వు ఆవిడ కింద వాటాలోనే ఉంటావటగా. సంతాప వ్యాసం రాసి పంపు."

"ఆవిడ బతికే ఉందండీ. నా ఎదురుగానే నిలబడి ఉంది."

"మంత్రి పోయిందంటే నువ్వు ఉందంటావా? రేపు మనకు ప్రకటనలు ఇచ్చేది ఆవిడా, మంత్రా?"

 కుర్చీ వేసుకుని అక్కయ్య ఎదురుగానే కూర్చుని రాయడం మొదలుపెట్టాను. రాసింది రాసినట్టు చదివి వినిపించాను.

"'హఠాన్మరణం' కొట్టెయ్యి," అంది ఆవిడ. "నా వయసుకి హఠాత్తేమిటి, విన్నవాళ్లు నవ్వుతారు."

"'తుదిశ్వాస విడిచారు' అందామా?"

"ఎక్కడ విడిచింది, ఎప్పుడు విడిచింది అని అడిగితే ఏం చెప్తావు? 'మరణించినట్టు మంత్రి తెలిపారు' అని రాయి. ఆయన తెలిపాడు, నువ్వు విన్నావు. అంతవరకూ నిజమే కదా." అంతటితో ఆగక, "'మరణించినట్టు' లో ణ సరిగ్గా పలుకు. 'మరనించినట్టు' అంటున్నావు" అంది.

వ్యాసం చాలా బాగా వచ్చింది. ఆవిడకు కూడా నచ్చింది.

మర్నాడు ఆవిడ అన్న కొడుకు దిగాడు. వీధి మలుపు నుంచే "అత్తయ్యా! మమ్మల్ని వదిలి వెళ్లిపోయావా అత్తయ్యా!" అని ఏడుస్తూ వచ్చాడు. వీధి వీధంతా కిటికీల్లోకి వచ్చింది. మెట్లెక్కి, తలుపు తోసి, బెండకాయలు తరుగుతున్న మేనత్తను చూసి, ఏడుపు గుమ్మంలోనే ఆపేశాడు.

"అత్తయ్యా... నువ్వు ఉన్నావా?"

"ఉన్నానురా."

"ఎప్పట్నుంచీ?"

"పుట్టినప్పట్నుంచీ. అన్నం తిన్నావా?"

ఆ మేనల్లుడు ఆవిడ గడప తొక్కి చాలా ఏళ్లయింది. ఆవిడ ఉద్యోగం పోయిన కొత్తలో, ఆవిడతో చుట్టరికం ఉందంటే తన ఉద్యోగానికి ఎసరు వస్తుందని రావడం మానేశాడు. ఇప్పుడు సచివాలయం నుంచి కబురు వెళ్లింది. దగ్గరి బంధువుగా దేశాధ్యక్షులవారి చేతుల మీదుగా పతకం అందుకోవాలని. కబురు వెళ్లిన గంటలో కోటుకు కొలతలు ఇచ్చి మరీ బయల్దేరాడు.

"నువ్వేం బెంగపెట్టుకోకత్తయ్యా," అన్నాడు అన్నం తింటూ. "అంతా నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం సభ అయ్యేదాకా ఈ నాలుగు రోజులూ బయటికి రాకు."

అతని భోజనం పూర్తవకముందే పురస్కారాల శాఖ కార్యదర్శిగారు వచ్చారు. అంత మర్యాదస్తుడైన అధికారిని నేను చూడలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, రెండు చేతులూ జోడించి, "మేడమ్, ముందుగా నా ప్రగాఢ సంతాపం" అన్నారు.

"దేనికి నాయనా?"

"మీ మరణానికి."

"పర్వాలేదులే. కూర్చో, టీ తాగు."

ఆయన కూర్చున్నారు. టీ తాగారు. బాగుందన్నారు. ఆ తర్వాత ఇబ్బందిగా విషయానికి వచ్చారు. "మేడమ్, 'మరణానంతరం' అని అధ్యక్షులవారు సంతకం పెట్టేశారు. దాన్ని మార్చాలంటే ప్రభుత్వం పొరపాటు చేసిందని ఒప్పుకోవాలి. ప్రభుత్వం పొరపాటు చెయ్యదు. కనక మార్చే వీలు లేదు."

"మరి నేను బతికున్నాను కదా?"

"అది మీ వ్యక్తిగత విషయం మేడమ్. అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోదు."

ఇంత ఉదారమైన ప్రభుత్వం కింద బతుకుతున్నందుకు నాకు ఒళ్లు పులకరించింది. కార్యదర్శిగారు కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, ఇంటి మనిషిలా గొంతు తగ్గించారు.

"మీ దగ్గర దాపరికమెందుకు, పోయినవాళ్లతో మాకు ప్రాణానికి హాయి మేడమ్. బతికున్నవాళ్లు ఉపన్యాసం ఇస్తామంటారు. ఆపైన ఎదటి పార్టీలో చేరతారు. కొందరైతే కోపమొస్తే పతకం తిరిగి పంపేస్తారు. పోయినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ తిరిగి పంపలేదు."

"చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా," అంది అక్కయ్య. "సరే, ఇన్నేళ్ల తర్వాత నా పేరు ఎవరికి గుర్తొచ్చింది?"

"ఎంపిక సంఘం అధ్యక్షులు పెద్దాయనగారు స్వయంగా సూచించారు."

అక్కయ్య చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. 

పెద్దాయన ఎవరో పాఠకులకు చెప్పాలి. మిల్లు గేటు దగ్గర కాల్చమని ఆర్డరు ఇచ్చిన అప్పటి హోంమంత్రి ఆయనే. తర్వాత అంతరాత్మ ప్రబోధించడంతో ఈ పార్టీలోకి వచ్చారు. ఆయన అంతరాత్మ ఎన్నికల ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం ప్రబోధించింది. అంతకు ముందు రోజు ప్రబోధించి ఉంటే తొందరపాటు అయ్యేది.

"మీ బిళ్ల మీరే ఉంచుకోండి," అంది అక్కయ్య లేస్తూ.

"అత్తయ్యా!" అన్నాడు మేనల్లుడు. "కోటు కుట్టడానికి ఇచ్చేశాను!"

"పోయినవాళ్లు తిరస్కరించే పద్ధతి మాకు లేదు మేడమ్," అన్నారు కార్యదర్శిగారు బాధగా. "ఎంత గొప్ప సభ! దేశమంతా వింటుంది. రేడియోలో లైవ్."

వంటింటి వైపు వెళుతున్న అక్కయ్య ఆగింది. "లైవా?"

"అక్షరం పొల్లు పోకుండా."

"అయితే వస్తాను."

కార్యదర్శిగారు తడబడ్డారు. "మీరా? ఏ హోదాలో మేడమ్?"

"బంధువుగా. నాకు నాకన్నా దగ్గరి బంధువు ఎవరున్నారు?"

ఆయన కళ్లు మూసుకున్నారు. నిబంధనలన్నీ మనసులోనే తిరగేసి వచ్చినట్టున్నారు. ముఖం వికసించింది. "అడ్డేమీ లేదు. 'మృతురాలి చెల్లెలు' అని వేస్తాను. ఊరంతా అక్కయ్య అని పిలిచిన మనిషికి చెల్లెలు ఉండటం సహజమే. అయితే ఒక్క మాట మేడమ్. బంధువులు పతకం పుచ్చుకుని, నమస్కారం పెట్టి దిగిపోవాలి. మాట్లాడకూడదు."

"మాట్లాడనందుకే కదా నాయనా ఇస్తున్నారు," అంది అక్కయ్య.

సభ మహా వైభవంగా జరిగింది. ఎర్ర తివాచీ వీధి దాకా పరిచారు. ఎంపికలో సమతుల్యత నన్ను ముగ్ధుణ్ని చేసింది. ఏటి మీద వంతెన కట్టిన కాంట్రాక్టరుకు నిర్మాణ రంగంలో పురస్కారం వచ్చింది. ఆ వంతెన కూలినప్పుడు కాళ్లూ చేతులూ అతికిన డాక్టరుకు వైద్యరంగంలో వచ్చింది. కూలడానికి కారణం గాలి అని తేల్చిన ప్రొఫెసరుకు విజ్ఞానరంగంలో వచ్చింది. ముగ్గురూ ఒకే వరసలో కూర్చుని ఒకరినొకరు అభినందించుకున్నారు. మొదటి వరసలో పెద్దాయన మెత్తని కుర్చీలో గడ్డం గుండెల మీద ఆన్చుకుని నిద్రపోతున్నారు.

మేనల్లుడు కొత్త కోటులో వచ్చాడు. దర్జీ తొందరలో ఒక చెయ్యి పొడుగు కుట్టాడు. ఆ చేతిని వీపు వెనక దాచుకుని అక్కయ్యకు ఒకవైపు కూర్చున్నాడు. రెండోవైపు నేను. అక్కయ్య ఉతికిన తెల్లచీర కట్టుకుంది. గొంతు ఎండిపోతుందని దారంతా గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగుతూ వచ్చింది.

ఆవిడ వంతు వచ్చింది. ప్రశంసాపత్రం చదివారు. చదివిన యువకుడి గొంతు గంభీరంగా ఉంది.

"మిల్లు గేటు వద్ద స్వల్ప ఉద్రిక్తత తలెత్తిన వేళ, వదంతులకు తావివ్వక, ప్రజలు భయాందోళనలకు గురికాకుండా, తన నిండైన మౌనంతో శాంతిభద్రతలు కాపాడిన కీర్తిశేషురాలికి..."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. నేను అక్కయ్య వంక చూశాను. ఆవిడ ముఖంలో రంగు పోయింది. ఇన్నేళ్లూ అద్దె కోసం ఇంటాయన కేకలేసినప్పుడు గానీ, వీధిలో తెలిసినవాళ్లు తల తిప్పుకున్నప్పుడు గానీ ఆవిడను అలా చూడలేదు. ఇప్పుడు తన నోట్లోంచి తన మౌనాన్నే లాక్కున్నట్టు చూస్తోంది.

"అత్తయ్యా, లే. పిలుస్తున్నారు," అన్నాడు మేనల్లుడు.

లేచింది. మెట్లు నెమ్మదిగా ఎక్కింది. అధ్యక్షులవారు పతకం చేతికిచ్చారు. మంత్రిగారు పక్కనుంచి ముందుకు వంగి, ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"మీ అక్కగారు గొప్ప మనిషమ్మా. చివరి రోజుల్లో తరచూ వెళ్లి చూసొచ్చేవాణ్ని."

"ఏమనేదండీ?"

"మీ గురించే బెంగ పెట్టుకుంది."

ఆవిడ ఆయనకు నమస్కారం పెట్టింది. తర్వాత దిగిపోవాల్సిన మెట్ల వైపు కాక మైకు వైపు నడిచింది. గొంతు సరిగ్గా అందేంత దూరంలో నిలబడింది. అలవాటైన మనిషి కదా, మైకును ముట్టుకోలేదు, దాన్ని టకటకమనిపించలేదు.

"వార్తలు," అంది.

ఆ ఒక్క మాటకు హాల్లో వయసు మళ్లినవాళ్లందరూ నిటారుగా కూర్చున్నారు.

"మిల్లు గేటు వద్ద కాల్పులు జరిగాయి. కాల్చమని అప్పటి హోంమంత్రి ఆదేశించారు. ఆయన ఈ సభలో మొదటి వరసలో ఉన్నారు. మరణించినవారి పేర్లు..."

పేర్లు చదివింది. ఆవిడ చేతిలో కాగితం లేదు. ఉద్యోగం పోయాక మిల్లు వాడలో గడప గడపకూ తిరిగి తెలుసుకున్న పేర్లవి. ఒక్కొక్క పేరునూ దేశాధినేత పేరు పలికినంత శుభ్రంగా, ఒత్తులు పోకుండా పలికింది. స్థలాభావం వల్ల ఆ పేర్లు ఇక్కడ ఇవ్వలేకపోతున్నాను. "వార్తలు సమాప్తం" అని మెట్లు దిగింది.

ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. మంత్రిగారు బంధువుల కృతజ్ఞతలనుకుని చప్పట్లు కొట్టారు. మంత్రిగారు కొట్టారని అందరూ కొట్టారు. ఆ మోతకు పెద్దాయనకు మెలకువ వచ్చి, ఆయన అందరికన్నా ఎక్కువసేపు కొట్టారు.

రేడియోలో ఆ వార్తలు మొత్తం వెళ్లిపోయాయి. ఆపే స్విచ్చు సమయానికి దొరకలేదని ఇంజనీరు వివరణ ఇచ్చుకున్నాడు. ఆ స్విచ్చు ఆయన కుడిచేతి కిందే ఉంటుంది. నాకు ఆయనే చూపించాడు.

ప్రభుత్వం నిమ్మకు నీరెత్తినట్టు ఉందని విమర్శించేవాళ్లు ఉన్నారు గానీ, అది అన్యాయం. వెంటనే విచారణ జరిపించింది. పురస్కార గ్రహీత మరణించారు కనక ఆమె మాట్లాడే అవకాశం లేదు. ఆమెకు చెల్లెలే లేదు కనక చెల్లెలు మాట్లాడే అవకాశమూ లేదు. అందువల్ల ఆ ప్రసంగం జరగలేదని విచారణలో తేలింది. జరగని ప్రసంగానికి కేసు పెట్టరు కనక అక్కయ్య జోలికి ఎవరూ రాలేదు. మేనల్లుడు పతకాన్ని తన ఇంటి హాల్లో, గుమ్మంలోంచి కనబడేలా పెట్టుకున్నాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఒక ముసలామె మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుంటూ మా గుమ్మం ముందు ఆగింది.

"బాబూ, వార్తలు చదివే అమ్మ ఇక్కడేనా?"

పైకి తీసుకెళ్లాను. ఆమె కుర్చీలో కూర్చోనంది. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఆమె భర్త మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. గేటు దగ్గర పోయినవాళ్లలో ఒకడు.

"బిళ్లలిచ్చిన రోజు నేను గిన్నెలు తోముతున్నానమ్మా. పక్కింటివాళ్ల రేడియోలో మా ఆయన పేరు వినబడింది. చేతులు కడుక్కుని వచ్చేలోపు అయిపోయింది. సరిగ్గా వినలేదు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంకొక్కసారి చెప్తారా?"

అక్కయ్య మంచినీళ్లు తాగింది. నిటారుగా కూర్చుంది. చెప్పింది, ఇంటిపేరుతో సహా.

ముసలామె కళ్లు మూసుకుని వింది. "ఇంత నిండుగా ఆయన్ని ఎవరూ పిలవలేదమ్మా," అంది. "'ఒరే బాయిలరూ' అనేవాళ్లు. నేను 'ఇదిగో' అనేదాన్ని." తర్వాత సంకోచిస్తూ, "మీకిచ్చారే, అలాంటి బిళ్ల ఆయనకి ఇస్తారేమో కనుక్కుంటారా? అంత పెద్దది అక్కర్లేదు. మనవళ్లకు చూపించుకోడానికి" అంది.

అక్కయ్య నా వంక చూసింది. ముగ్గురం కలిసి పురస్కారాల శాఖకు వెళ్లాం.

కార్యదర్శిగారు లేచి నిలబడి ఆహ్వానించారు. ముసలామెకు స్వయంగా కుర్చీ లాగారు. ఆమె చెప్పినదంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. చేతిరుమాలు తీశారు.

"ఇవ్వకపోతే పాపం చుట్టుకుంటుందమ్మా," అన్నారు. "మరణానంతర విభాగం నా చేతిలోదే. ఒక్క నిమిషం."

లోపలి గదిలోకి వెళ్లారు. ముసలామె కొంగు సవరించుకుని, గది గోడల మీద పతకాలు పుచ్చుకుంటున్నవాళ్ల ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఆయన తిరిగొచ్చేసరికి ముఖంలో చిన్న చిక్కు కనబడింది.

"ఒక ఇబ్బంది ఉందమ్మా. మరణానంతరం ఇవ్వాలంటే మనిషి మరణించి ఉండాలి. మిల్లు గేటు దగ్గర ఎవరూ మరణించలేదని ప్రభుత్వం అప్పుడే ప్రకటించింది. ఆ ప్రకటన ఇప్పటికీ అమల్లోనే ఉంది."

"అంటే ఏంటి బాబూ?"

కార్యదర్శిగారు ఆ మాట మీద ఆలోచించారు. ఆయన ముఖం ఒక్కసారిగా వెలిగింది. ఒక మనిషికి శుభవార్త చెప్పే భాగ్యం అధికారులకు అరుదుగా దక్కుతుంది.

"అంటే మీ ఆయన బతికే ఉన్నారమ్మా! బతికున్నవాళ్ల విభాగంలో ఇవ్వడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆయన్ని ఒక్కసారి వచ్చి కనబడమనండి, చాలు."

అక్కయ్య నోరు తెరిచింది. ముసలామె ఆవిడ మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది. కార్యదర్శిగారి వైపు తిరిగింది.

"ఏ వేళకి రమ్మంటారు బాబూ?"

"ఆఫీసు వేళల్లో ఎప్పుడైనా సరేనమ్మా," అన్నారు ఆయన. "భోజనాల టైము తప్పించి."